పదో తరగతి నిశాని

మా తమ్ముడు గండయ్యకు కుడి పిక్క ఎడమదానికంటే లావు. చిన్ననాటి నుంచి మగ్గం గుంటలో కూర్చుని తొక్కిన కాలు అది. చెడుగుడులో ఆ కాలు ఎవరి చేతికి దొరికినా గీత దాకా వాళ్లను ఈడ్చుకుని వచ్చేది. మొన్న ఆఖరి స్నానం చేయించినప్పుడు కూడా ఆ తేడా అలాగే ఉంది.

1962 చలికాలం. రామన్నపేట దగ్గరి మా ఊరి నుంచి వాడు హైస్కూలుకు నడిచి వెళ్లి పదో తరగతి చదువుతున్నాడు. బడిలో వాడికదే ఆఖరి ఏడు. శుక్రవారం భువనగిరిలో చివరి ఆట. తమ్ముడి జట్టు చేతిలో ఓడిన బడివాళ్లు అప్పటికే ఫిర్యాదు పెట్టారు. గండయ్య చదివే పిల్లవాడు కాడు, ఆట కోసం పట్టుకొచ్చిన నేతగాడు అని. రోజూ బడికి వచ్చేవాడే ఆడాలన్నది నియమం. కాదని తేలితే వాడికి ఏడాది ఆట బందు, బడికీ ఆ ఏడు పోటీ లేదు. ఈ సంగతేదీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మాకు తెలిసింది చైనా యుద్ధం ఒక్కటే. పక్కింటి పర్వతాలు రోజూ అమ్మకు ఏదో ఒక వార్త మోసుకొచ్చేవాడు.

"అండాళక్కా, పది సదివిన పోరగాండ్లను పటాలానికి జీపుల ఎక్కించుకపోతున్నరంట. సదువు రానోని జోలికి పోతలేరంట."

అమ్మ అది నమ్మింది. రజాకార్ల ఏడు ఖాకీ బట్టలవాళ్లు బాపును ఒక్క మాట అడగాలని పిలుచుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. అప్పటికి గండయ్య పాలు తాగే పిల్లవాడు.

ఆదివారం పొద్దున జీపు మా వాకిట్లోనే ఆగింది. ఇద్దరు దిగారు. ఒకాయన ఖాకీ నిక్కరు వేసుకున్నాడు, మెడలో ఈల ఉంది. అమ్మ చేతిలోని గంజి చెంబు కింద పెట్టి లేచింది. గండయ్య మగ్గం గుంటలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"గండయ్యంటే నువ్వేనా? సదువుతున్నవా, మగ్గం నేస్తున్నవా?" అని అడిగాడు నిక్కరాయన. ఎందుకొచ్చిందీ చెప్పలేదు. చెబితే నేర్పిన జవాబు వస్తుందనుకున్నాడేమో.

అమ్మ అడ్డం వచ్చింది. "సదువెక్కడిది సారూ, నీ బాంచెన్! దసరాకే బడి బందు వెట్టిండు. వానికి అచ్చరం ముక్క రాదు."

"పదో తరగతి రిజిస్టర్ల పేరుందే?"

"పేరుంటది సారూ. పేరుంటే సదువొస్తదా?"

రెండో ఆయన నవ్వి, గూట్లో ఉన్న లెక్కల పుస్తకం వైపు చూపించాడు. "మరి గది ఎవల్దమ్మా?"

"నా బిడ్డది, వాని అక్కది."

అందరూ నావైపు తిరిగారు. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆయన చేతిలోని కాగితం నాకు కనబడుతూనే ఉంది. పైన పెద్ద అక్షరాల్లో 'పాఠశాలల ఆటల పోటీలు' అని ఉంది. చదివాను. అయినా నమ్మబుద్ధి కాలేదు. బాపును పిలిచినప్పుడు కూడా ఒక్క మాటే అన్నారు కదా. కాగితం మీద ఏదైనా రాసుకుని రావచ్చు.

"నాదే" అన్నాను.

అమ్మ చెప్పిందంతా రాసుకుని ఆయన గండయ్యకు కలం అందించాడు. వాడి చేయి ముందుకు పోయింది. అమ్మ ముఖం చూసి ఆగిపోయాడు.

"వానికి సంతకం రాదు సారూ."

స్టాంపు ప్యాడు తీశారు. తమ్ముడు ఒకసారి నాకేసి చూశాడు. నేను తల దించుకున్నాను. వాడు బొటనవేలు అద్ది నిశాని పెట్టాడు.

జీపు పోయాక అమ్మ గడపలో కూలబడి ఏడ్చింది. "బతికిండు నా కొడుకు."

సోమవారం సాయంత్రం డ్రిల్లు మాస్టరు జానయ్య సారు సైకిలు మీద వచ్చాడు. సైకిలుకు స్టాండు కూడా వేయలేదు, గోడకు చేరేశాడు.

"ఓరి గండయ్యా, నీ హాజరు పట్టీ నేను సూపెట్టిన. వాండ్లు నీ నిశాని సూపెట్టిండ్రు. పది సదివేటోడు ఏలు ముద్ర ఏస్తడారా? ఏం జెప్పుకోవాలె నేను?"

అమ్మకు అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి నుంచి ఆమె జీపు మాట ఎత్తలేదు. శుక్రవారం వేరే బడులు ఆడుకున్నాయి. జట్టు పిల్లలు వాణ్ని ఏడాదంతా "ఏం రా నిశాని" అని పిలిచారు. వాడు పది పాసయ్యాడు, మళ్లీ బరిలోకి దిగలేదు. చేనేత సంఘంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లు చేశాడు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, నిదానంగా రాసేవాడు. వెనక మనుషులు ఆగి ఉన్నా తొందరపడేవాడు కాదు. అమ్మను ఏనాడూ ఒక్క మాట అనలేదు.

దవాఖానాలో పోయే ముందు రోజు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అక్కా, నాడు గా కాయితం మీద ఏం రాసి ఉండెనో నీకు కనవడ్డదా?"

వాకిట్లో జీపు ఆగినట్టే అయింది నాకు.

"లేదు తమ్మీ. కనవడలే."

"గంతేలే" అన్నాడు. "కనవడితే చెప్పకుంట ఉంటవా!"