మోతి ముందు పెట్టిన నీళ్లు

మీ ఇంట్లో మీ కంటబడకుండా నొప్పిని మింగుతున్న మనిషి ఎవరో మీకు తెలుసా? తొందరపడి ‘మా ఇంట్లో అలాంటివాళ్లు లేరు’ అనకండి. ముప్పయ్యేళ్లు వేదికలెక్కి తర్కం, సాక్ష్యం, కార్యకారణం అని గొంతు చించుకున్న నేను కూడా, ఆరేళ్లుగా ఎడమ తుంటిలో మేకులా తిరుగుతున్న నొప్పి గురించి ఎవరడిగినా ‘ఏం లేదు, కాస్త పట్టేసింది’ అనే చెప్పాను. కీలు మార్చాలని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. రెండుసార్లు తేదీ ఇచ్చారు, రెండుసార్లూ నేనే వద్దన్నాను. వచ్చే గురువారం మూడోది. ఈ పొద్దున నంద్యాలలో నా గదిలో తుంటికి ఘాటైన నొప్పి మందు రాసుకుంటుంటే, వెనక కాళ్లు పడిపోతున్న నా ముసలి కుక్క చిట్టి వచ్చి నా పాదాల మీద తల పెట్టి పడుకుంది. ఆ మందు వాసన, ఆ కుక్క ఒంటి నుంచి వచ్చే తడి గోనెసంచి వాసన ఒకదానిలో ఒకటి కలిశాయి. అంతే, నాకు మళ్లీ పదేళ్లు వచ్చాయి.

ఆళ్లగడ్డలో మాది రాతి పని చేసే ఇల్లు. ఆ వీధిలో పొద్దు పొడవకముందే ఉలి చప్పుడు మొదలయ్యేది, ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో అందుకునేది, చీకటి పడేదాకా చెవుల్లో అదే చప్పుడు, కాబట్టి ఎప్పుడైనా అన్ని ఇళ్లలో ఒకేసారి ఆగిందంటే ఎవరో పోయారని పిల్లలకు కూడా తెలిసేది. ఎండాకాలం కాలిన రాతి మీద నాయన నీళ్లు చల్లితే పైకి లేచే ఆవిరి వాసన, వానాకాలం కాలి వేళ్ల సందుల్లో పిండిలా అంటుకునే రాతి పొడి, చలికాలం నువ్వులద్దిన సద్దరొట్టెలు, ఉగాదికి నెయ్యి కారే భక్షాలు, వాటి మీద కూడా పల్చగా వాలే అదే రాతి పొడి. మా ఇంట్లో ఉప్పు ఎంతో అది కూడా అంతే, ప్రతి ముద్దలోనూ ఉండేది. నాయన దేవుళ్లను చెక్కేవాడు గానీ దేవుళ్లకు పెద్దగా భయపడేవాడు కాదు. గోస్పాడు దిక్కు నుంచి ఆంజనేయుడి విగ్రహం చెక్కమని చెప్పిపోయిన పెద్దమనిషి ఒకసారి వచ్చి చూసి, “ఏందప్పా, స్వామి మూతి ఒక పక్కకు పోయినట్టుండాదే” అన్నాడు. నాయన ఉలి దించకుండానే, “మీ ఊరికి వచ్చేదానికి ఇష్టం ల్యాక తిప్పుకున్నాడు లేన్నా” అన్నాడు. నా హేతువాదానికి మొదటి పాఠం పుస్తకంలో దొరకలేదు, ఆ రాతి పొడిలో దొరికింది.

అమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు ఆ ఉలి చప్పుళ్ల మధ్య కూడా నాకు విడిగా వినిపించేది. టప్ టప్‌మని సమంగా సాగే ఆ చప్పుడు మధ్యలో ఆగిందంటే అమ్మకు పొత్తికడుపులో నొప్పి వచ్చిందని అర్థం. పిండి చేతులతోనే మోకాలిని కడుపుకు అదిమిపట్టుకుని, పెదవి కొరుక్కుని, కళ్లు పొయ్యి మీదే పెట్టి కూర్చునేది. కాసేపటికి చప్పుడు మళ్లీ మొదలయ్యేది. నాయన కూడా ఆ చప్పుడు వినేవాడని నాకు తెలుసు, ఎందుకంటే అది ఆగినప్పుడల్లా ఆయన సుత్తి కూడా ఒక్క దెబ్బ తప్పేది. రాత్రిపూట కర్పూరం వేసి కాచిన ఆముదం నడుముకు రాసుకుని అమ్మ వసారాలో పడుకుంటే, మా కుక్క మోతి వచ్చి ఆ నడుముకు వీపు ఆనించి పడుకునేది. అదే ఆమెకు కాపడం.

మోతి అమ్మ పుట్టిల్లు దొర్నిపాడు నుంచి ఆమె ఒళ్లో బస్సెక్కి వచ్చిన కుక్క. మేం అంతా దాన్ని ‘అది’ అనేవాళ్లం, అమ్మ మాత్రం ‘వాడు’ అనేది. వాడు కాక రెండు పిల్లులు, ఒక కుంటి కోడిపెట్ట. మోతికి మజ్జిగలో నానేసిన జొన్నరొట్టె కావాలి, చేత్తో పెడితేనే తినేది. తెల్ల పిల్లికి పాలు గోరువెచ్చగా ఉండాలి. కోడిపెట్ట నూకలు అమ్మ పాదాల దగ్గర చల్లితేనే ముట్టేది. ఒంట్లో ఓపిక లేని రోజున కూడా అమ్మ గోడ పట్టుకుని లేచి వీటన్నిటికీ వేళకు పెట్టేది. నాయన మోతి కోసం మిగిలిన నల్లరాతి ముక్కను తొలిచి నీళ్ల గిన్నె చేసి ఇచ్చాడు. దేవుడికి చెక్కిన పీఠమంత నున్నగా ఉండేది అది.

నంద్యాల డాక్టరమ్మ గర్భసంచిలో గడ్డ ఉందనీ, ఆలస్యం చేయకుండా తీసేయాలనీ చెప్పింది. అమ్మ సరేనని వచ్చేసి, మొదటిసారి తెల్ల పిల్లి ఈనిందని ఆగింది, రెండోసారి కోడి పొదిగిందని ఆగింది. అది భయమని ఇప్పుడు నాకు తెలుసు. కత్తికి భయపడుతున్నానని చెప్పుకోవడం కంటే పిల్లిని చూసుకోవాలని చెప్పుకోవడం ఆడవాళ్లకు సులువు. పైగా మా అవ్వ, నాయన తల్లి, కళ్లలో పొరలు కమ్మి లోపలి గదిలోనే ఉండే మనిషి, అక్కడి నుంచే అనేది: “కత్తి పెట్టించుకునేదానికి పోయినోళ్లు మా కాలంలో ఒక్కరూ నడిచి తిరిగి రాల్యా.”

ఆ ఉగాది దాటాక, నేనే అమ్మను ఒప్పించాను.

“యాడికి పోయేది పాపా? వీటినెవురు చూస్తారు?”

“నేను చూసుకుంటా లేమా.”

“నువ్వా! ఆటలో పడితే నీకు నీ పేరే గుర్తుండదు. మోతికి నీళ్లు పెడ్తావా?”

“పెడ్తా. మోతి మీద ఒట్టు.”

అమ్మ నవ్వింది. ఆ నవ్వుతోనే ఒప్పుకుంది. సోమవారం ఆపరేషన్ అనుకుని, అంతకు ముందు శుక్రవారం రక్తపరీక్షలకు నాయన, అమ్మ పొద్దున బస్సుకు నంద్యాల బయల్దేరారు. మోతి బస్సు వెనక పరుగెత్తుతుందని, అమ్మ చెప్తే నేనే దాన్ని పెరట్లో సగం చెక్కిన ఆంజనేయుడికి రాళ్లు లాగే మోకుతో కట్టేశాను. “మేం పోతానే ఇప్పెయ్ పాపా. ఎండ ఎక్కేలోగా యాపచెట్టు కిందికి తోలు” అని రెండుసార్లు చెప్పి అమ్మ గడప దాటింది.

నేను విప్పలేదు. విప్పితే రోడ్డు మీదికి పోతుందని కాసేపు ఆగాను. ఈలోగా వీధి చివర నా స్నేహితురాలు పిలిచింది. అక్కడ అచ్చనగాయలాట, నున్నగా చెక్కిన రాతి గుండ్లతో. ఆట తర్వాత ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కలు. ఆ తర్వాత వాళ్లమ్మ పెట్టిన చిత్రాన్నం. ఆ తర్వాత చల్లటి బండల మీద నిద్ర. నాయన లేడు కాబట్టి మా పెరట్లో ఆ రోజు పని లేదు, అటు తొంగిచూసినవాళ్లు లేరు. నేను లేచి ఇంటికి పరుగెత్తేసరికి పొద్దు వాలుతోంది. మోకు రాయి చుట్టూ చుట్టుకుని చుట్టుకుని మూరెడు మిగిలింది. ఆ మూరెడులో మోతి నాలుక బయట పెట్టి పడి ఉంది. రాతి గిన్నె నాలుగడుగుల దూరంలో, ఎండి, కాలుతోంది.

తర్వాత నేను చేసిన పని వినండి. ఏడవలేదు. మోకు విప్పి, చుట్టగా చుట్టి, దాని చోట దాన్ని పెట్టాను. మోతిని కాళ్లు పట్టుకుని వేపచెట్టు నీడలోకి ఈడ్చాను. ఈడ్చిన గీతను పాదంతో చెరిపాను. రాతి గిన్నె కడిగి, కుండలోని చల్లటి నీళ్లు నింపి తెచ్చి, దాని మూతి ముందు పెట్టాను. అప్పుడు లోపలికి పోయి అవ్వ పక్కన కూర్చున్నాను.

బస్సు దిగి వచ్చిన అమ్మ పెరట్లోకి పోయి అరిచిన అరుపుకు వీధిలో ఉలులన్నీ ఆగాయి. అందరూ వచ్చి చూశారు. నీడలో ఉంది. కట్టేసి లేదు. ముందు నిండుగా నీళ్లున్నాయి. ఒంటి మీద గాయం లేదు, నోట నురగ లేదు. మరెందుకు చచ్చిపోయింది? అవ్వ గోడ తడుముకుంటూ వచ్చి, విన్నదంతా విని తీర్పు చెప్పింది: “మీకు తెల్లేదా? నీ గండం అది మోసుకోని పాయె తల్లీ. మూగజీవి, ఉప్పు తిన్నందుకు రుణం తీర్చుకునె. ఇంగ నీకు కత్తి యాల?”

మా ప్రాంతంలో ఆ మాట అప్పటికే ఉంది, ఇప్పటికీ ఉంది. ఇంటి మనిషికి రాబోయే చావును ఇంటి కుక్కో పిల్లో నెత్తిన వేసుకుని పోతుందని. ఒక్కొక్కరూ ఒక్కో సాక్ష్యం చెప్పారు, ఫలానా ఇంట్లో ఎద్దు, ఫలానా ఇంట్లో మేకపోతు. నేను నోరు తెరిచి ఒక్క మాట, ‘కట్టేసి మరిచిపోయినా’ అని చెప్పి ఉంటే, నాలుగు దెబ్బలు పడేవి, సోమవారం అమ్మ ఆపరేషన్ బల్ల ఎక్కేది. అద్భుతాలు ఎలా పుడతాయని తర్వాత నన్ను సభల్లో ఎంతోమంది అడిగారు. ఎక్కడో ఎవరో ఒక చిన్న తప్పును దాచుకుంటారు, మిగతాది ఊరు పూర్తి చేస్తుంది అని చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ ‘ఎవరో’ ఎవరని ఒక్కరూ అడగలేదు.

నాయన మాత్రం మోతి పక్కన గొంతుక్కూర్చుని దాని మెడ మీది బొచ్చును వేళ్లతో వెనక్కి దువ్వాడు. రాతిలో వెంట్రుకంత పగులును చూపుడువేలితో కనిపెట్టే మనిషి ఆయన. ఆ వేళ్లు ఒకచోట ఆగాయి. తలెత్తి నా వైపు చూశాడు. తర్వాత బొచ్చు మళ్లీ సర్ది, “పార తీస్కోని రా పాపా” అన్నాడు, అంతే. ఆయన దేవుణ్ణి నమ్మలేదు, అవ్వ మాటనూ నమ్మలేదని నా అనుమానం. కానీ భార్యను కత్తి కింద పెట్టాలంటే ఆయనకూ వణుకే. మేమిద్దరం ఒకే అబద్ధాన్ని చెరో కొస పట్టుకున్నాం. ఆయన బతికున్నంత కాలం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సోమవారం అమ్మ పోలేదు. డాక్టరమ్మ కబురు పంపితే కూడా పోలేదు. నాయన ఒకసారి గొణిగాడు, పోయొద్దామా అని. అమ్మ మోతిని పూడ్చిన చోటికేసి చూస్తూ, “వాడు ఇచ్చిన పానం ఊరికే పోవాలనా?” అంది. ఆ తర్వాత నొప్పి వచ్చినప్పుడల్లా అది పోతూ పోతూ వస్తున్న నొప్పి అని తనకు తాను చెప్పుకుంది. రొట్టె చప్పుడు ఆగే సమయం పెరిగింది. ఒక చలికాలం గడిచింది. రెండో చలికాలానికి రొట్టెలు నేనే తట్టాను, వంకరగా, మందంగా. అమ్మ మంచం మీద నుంచి చెయ్యి కిందికి వేలాడేసి పిల్లులకు ముక్కలు అందించేది. చివరికి జీపులో నంద్యాల తీసుకుపోతే డాక్టరమ్మ కాగితాలు చూసి, నాయన ముఖం చూసి, కళ్లద్దాలు తీసింది. కోసినా లాభం లేదని ఇంటికి పంపేశారు.

ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. చేతులు పుల్లలైపోయాయి. నా తల నిమిరి, “నువ్వు బాగా చూసుకుంటివి పాపా. పోయే పానానికి నీళ్లు కూడా పెట్టింటివి. వాడు దప్పికతో పోల్యా. నాకు అదే సాలు” అంది.

అప్పుడైనా చెప్పలేదు. నాకు అప్పటికి పన్నెండేళ్లు. ఉగాదికి వారం ముందు అమ్మ పోయింది. ఆ రోజు వీధిలో ఉలులన్నీ ఒకేసారి ఆగాయి.

ఇప్పుడా వీధికి పోతే ఉలి చప్పుడు అరుదు. రాయి కోసే యంత్రాలు పొద్దంతా గీపెడుతుంటాయి, ఎవరు పోయినా అవి ఆగవు. మా పెరడు సిమెంటు గదులయింది, వేపచెట్టు లేదు, మోతిని పూడ్చిన చోట ఎవరిదో మోటారు బండి నిలబడి ఉంది. అవ్వ లేదు, నాయన లేడు, కర్పూరం ఆముదం కాచే చెయ్యి లేదు. మిగిలింది అవ్వ చెప్పిన ఆ మాట ఒక్కటే. చిట్టి కాళ్లు పడిపోతున్నాయని విని, పోయిన వారం నా పాత విద్యార్థి ఒకడు, చదువుకున్నవాడు, ఫోన్ చేసి అన్నాడు: “మీ గండం దానికి పోతాండాది మేడం, ఆపరేషన్ కొన్నాళ్లు ఆగి చూడండి.” వాణ్ణి తిట్టి ఫోన్ పెట్టేశాను. కానీ, సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఒక్క క్షణం నా మనసు ఆగి చూద్దామనే అంది. రెండుసార్లు తేదీలు వద్దన్నప్పుడు నేను చెప్పిన కారణం కూడా చిట్టికి మాత్రలు ఎవరు వేస్తారనే.

నిన్న పక్కింటి రమీజాను పిలిచాను. బట్టలు కుట్టే మనిషి, చిట్టిని నాతో సమానంగా ముద్దు చేస్తుంది. “మీరు పోయిరాండి మేడం, నేను లేనా? పెరుగన్నంలో మాత్ర కలిపి మూడు పూటలా పెడ్తా” అంది. నేను సరే అనలేకపోయాను. ముందు కూర్చోబెట్టి ఇక్కడ మీకు చెప్పిందంతా ఆమెకు చెప్పాను. నలభై ఐదేళ్లలో మొదటిసారి. ఆమె కుడుతూ కుడుతూ చేతిలో తెచ్చుకున్న గుడ్డతో కళ్లు తుడుచుకుని, “పదేళ్ల పిల్ల అక్కా” అంది. మేడం అనలేదు. ఆ పదేళ్ల పిల్లను క్షమించడం నా వల్ల కాదు గానీ, ఈ గురువారం మాత్రం వెళ్తున్నాను.

మీరు ఇది చదవడం ఇక్కడితో ఆపి లేవండి. వంటింట్లోకో, వసారాలోకో వెళ్లి, నొప్పిని సాకులతో కప్పుతున్న ఆ మనిషి ఎదురుగా కూర్చోండి. ఆవిడ సాకు కుక్కో, పిల్లో, పాలిచ్చే బర్రో అయితే దాని పని ఈ రోజు నుంచే మీరు నెత్తికెత్తుకోండి, డాక్టరు ఇచ్చిన తేదీకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి. మీరు దాచిన నిజం ఏదైనా ఆవిడ కాళ్లకు అడ్డం పడి ఉంటే, ఆవిడ చెవులు వినగలిగినప్పుడే చెప్పండి. ఇవాళే చెప్పండి.