ఆయన ఆఖరి స్కోరు

మొన్న ఆదివారం బొల్లారం నుంచి ఒకాయన మా మల్కాజ్‌గిరి ఇంటికి వచ్చి, హాల్లో ఉన్న, గోలీతో ఆడే పిన్‌బాల్ మిషన్ మీది దుప్పటి తీశాడు. దుమ్ముకు తుమ్ము వచ్చింది తప్ప నాకేమీ అనిపించలేదు. మా ఆయన పోయి నాలుగు నెలలైంది. అప్పుడూ నేను ఏడవలేదు. రాతిగుండె అని మా ఆడపడుచు అన్నది. నేను కాదనలేదు.

మా ఆయన రైల్వేలో సిగ్నల్ మెకానిక్. కంటోన్మెంట్‌లో ఒక క్లబ్బు వాళ్లు పారేయబోతున్న ఆ మిషన్‌ను ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చి, నేను దివాన్ వేయాలనుకున్న చోట పెట్టాడు మహానుభావుడు. అందులో కంప్యూటరూ లేదు, గింప్యూటరూ లేదు. తీగలు, రిలేలనే కరెంటు స్విచ్చులు, ఒక చిన్న మోటారు. స్టీలు గోలీ మధ్యలో ఉండే బంపర్ దిమ్మెకు తగిలితే రిలే టక్కుమంటుంది, గంట మోగుతుంది, స్కోరు చూపే అంకెల చక్రం ఒక అంకె ముందుకు తిరుగుతుంది. మా సిగ్నళ్లదీ ఇదే కథ అని మురిసిపోయేవాడు. సెలవు దొరికితే చాలు, రిలేల కాంటాక్టుల మీది నలుపు గీకుతూ కూర్చునేవాడు. ఇంత చేసీ ఆయనకు ఆడటం మాత్రం రాదు. గోలీ కిందికి రాకముందే దాన్ని పైకి కొట్టే మీట నొక్కేవాడు. నేను పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి గెలిచేదాన్ని. మిషన్‌ను ఊపుతున్నానని అలిగేవాడు. ఊపేదాన్నే, దాచడమెందుకు. లోపల వేలాడే గుండు చుట్టూ ఉన్న రింగుకు తగిలితే ఆట ఆగిపోతుంది. తగలకుండా ఊపడం నాకు తెలుసు.

కరెంటు తీసేసినా ఆ మిషన్‌లో అంకెలు పోవు. మళ్లీ ఆట మొదలుపెట్టేదాకా చక్రాలు ఆగినచోటే ఉంటాయి. ఆసుపత్రికి వెళ్లిన రోజు పొద్దున ఆయన ఆడిన ఆట అలాగే ఉంది. రెండువేల మూడువందల నలభై. చెప్పుకుంటే సిగ్గుచేటు. కొత్త ఆట మొదలుపెట్టే స్టార్ట్ బటన్‌ను ఎవరినీ ముట్టనివ్వలేదు నేను. కానీ వాడకపోతే రిలేలు పాడవుతాయని ఆయనే అనేవాడు. అందుకే పాత మిషన్లు కొని బాగుచేసుకునే ఈ బొల్లారం మనిషికి ఇచ్చేద్దామని నేనే పిలిచాను.

వచ్చినతను ప్లగ్గు పెట్టాడు. "అమ్మా, జెర స్టార్ట్ బటన్ నొక్కి చూడాలె. నడుస్తదో లేదో తెల్వకుండ ఎట్ల తీస్కపోవాలె?"

న్యాయమే. ఆ అంకెలు పోతే మా ఆయన చేత్తో చేసిన ఆఖరి పని కూడా పోతుందని అతనికేం తెలుసు.

"ఆగు బిడ్డా, నేనే నొక్కుత" అన్నాను.

చక్రాలు కదిలాయి. ఇన్నేళ్లు చూసి కూడా ఎన్నడూ గమనించలేదు, వాటికి వెనక్కి తిరగడం రాదు. రెండువేలు మూడయింది, నాలుగయింది, అలా ఎక్కుతూనే పోయింది. మా ఆయన జన్మలో కొట్టని తొమ్మిదివేలు ఒక్క క్షణం నిలబడి, అన్నీ సున్నలయ్యాయి.

కళ్లు పొడిగానే ఉన్నాయి. చెయ్యి మాత్రం బటన్ మీంచి రాలేదు. కాలం ఎవరినీ వెనక్కి తిప్పి చెరపదు, ముందుకు నడిపించే సున్న చేస్తుంది.