గంధం పూసిన గ్రాఫిక్స్ కార్డు

మా ఆఫీసులో గోడ గడియారం ఆగిపోతే ఏసీ రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి దానికి వేస్తారు. అందువల్ల ఏ వేళకు ఎంత చెమట పట్టిందో కచ్చితంగా చెప్పగలం. ఈ విషయం మీద చిన్నాయనతో వాదించడం మానేశాను. ఇందిరా నగర్‌లో ఇళ్ల ప్లాన్లు గీసే ఈ ఆఫీసు ఆయనది. గీసేది నేను.

ఆ రోజు ఏంబలం నుంచి ఒక అవ్వ వచ్చింది. ఆమె కొడుకు ఇల్లు కట్టిస్తున్నాడు. పక్కింటి గోడ మరీ దగ్గర; వంటింటి కిటికీ ఎటు పెడితే వెలుతురు వస్తుందో తేలాలి. మర్నాడే గోడలు లేపుతారు. కాగితం మీద గీతలు ఆమెకు అర్థం కావు. సాఫ్ట్‌వేర్‌లో అయితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ ఎలా పడుతుందో తెర మీద చూపించవచ్చు. చూపిస్తాను రమ్మన్నది నేనే.

ఎండ బటన్ నొక్కాను. ఆ ఎండను గీసి చూపే గ్రాఫిక్స్ కార్డు కనబడడం లేదని తెర మీద వచ్చింది. వంటిల్లు బూడిద రంగు డబ్బాలా నిలబడిపోయింది.

"చిన్నాయనా, కార్డు యాడ?"

"అదా పాపా? ఆయుధ పూజకి గంధం పెట్టినాను గదా, ఫ్యాను పట్టేసింది. పీకి సామి పటాల కాడ పెట్టినా."

గంధం కంప్యూటర్ మీద పెట్టలేదు. మూత విప్పి, లోపల కార్డు మీద తిరిగే ఫ్యానుకు పెట్టారు. ఆయన భక్తిలో లోపం వెతకలేం.

"నాతో ఒక మాట చెప్పొద్దా?"

"చెప్పేదానికి ఏముండాది? అది లేకున్నా కంప్యూటర్ ఆన్ అవుతాది. ఆప్షనల్ అని అమ్మినోడే చెప్పినాడు."

"ఆప్షనల్ కంప్యూటర్‌కి! నా పనికి కాదు!"

వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారంటే నా గొంతు కాస్త పెరిగినట్టే. ఆయన్ని కుర్చీతో సహా కిటికీలోంచి బయట పెట్టాలన్న ఆలోచన నాకు అన్యాయంగా అనిపించలేదు.

చిన్నాయన మాత్రం అవ్వ వైపు తిరిగి నవ్వారు. "తూరుపు పక్కన పెట్టేస్తాం అవ్వా. వెలుతురుకేం, సుమ్మా దండిగా వస్తాది." ఏది చూసి చెప్పారో తెలియదు. తెర వైపు మాత్రం చూడలేదు.

అవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పాపా. ఎండొస్తాదా, రాదా?"

బూడిద డబ్బాను మళ్లీ చూశాను.

"రావచ్చు అవ్వా."

ఆమె లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది.

"రావచ్చంట! ఆ చీకట్లో వండేది నేను, మీరు కాదు."