సముద్రం మేడం

మా గైడు మేడం పోయారని మొన్న మధ్యాహ్నం ఫోను వచ్చింది. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని వీధిలో నిలబడి ఉన్నాను. ఏడుపు రాలేదు. బిందెలు వరసలోనే వదిలి ఎవరిదో అరుగు మీద కూర్చున్నాను. చాలాకాలంగా మూత్రపిండాల జబ్బు ఆమెను నమిలేస్తూ ఉండింది. అది చూసి చూసి మేమూ అలసిపోయి ఉన్నాం.

అనంతపురంలో మా కాలేజీ వాళ్లంతా ఆమెను 'సముద్రం మేడం' అనేవారు. చిలమత్తూరు దగ్గర వేరుశనగ పండించే ఇంట్లో పుట్టిన మనిషి, బతుకంతా కంప్యూటరులో ఆటుపోట్లు లెక్క కట్టారు. చంద్రుడు లాగితే సముద్రం ఉబ్బుతుంది, నీళ్లు అటూ ఇటూ కదులుతాయి. ఆ కదలికకు భూమి తిరిగే వేగం ఒక పిసరు తగ్గుతుంది, ఒక పిసరు పెరుగుతుంది; యుగాల మీద చూస్తే తగ్గుతూనే వస్తోంది. ఆ పిసరు ఎంతో తేల్చడమే ఆమె పని.

నేను ఆమె దగ్గర పరిశోధనకు చేరినప్పుడు మా నాయన అన్నాడు: "ఏమ్మా, ఈడ తాగను నీళ్లు లేవు. మీరు యాడి సముద్రమో లెక్క పెడతాండారా?"

ఆ మాట చెబితే మేడం నవ్వారు. "మీ నాయన అడిగింది న్యాయమే. నీళ్లు లేకున్నా భూమి ఈడ గూడా తిరుగుతాండాది గదమ్మా."

కరెంటు పోతే కొంగుతో విసురుకుంటూ శనక్కాయలు ఒలిచేవారు. గింజలు నావైపు, పొట్టు తనవైపు. నేను తొందరపడితే ఒకటే మాట: "భూమే నిదానిస్తాండాది, మనకేం తొందర?"

మా పరిశోధన పత్రం అచ్చయింది. ఆమె ప్రొఫెసరు ఇంటర్వ్యూ దగ్గరపడింది. నా థీసిస్ ముగింపుకొచ్చింది. అలాంటప్పుడు ఒకరోజు పిల్లలకు పాఠం చెప్పడానికి పాత ప్రోగ్రాము తెరిచి చూస్తూ, నన్ను పిలిచారు. "ఏమ్మా, ఈడ చూడు."

లోతు తక్కువున్న ఒక సముద్ర భాగంలో, తూర్పుకు పోవాల్సిన నీళ్లు మా లెక్కలో పడమరకు పోతున్నాయి. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్, ఒక్క గుర్తు తారుమారు. ఆ ప్రోగ్రాము ఆమే రాసుకున్నది. చిన్న భాగం కాబట్టి ఫలితాలు అసలు కొలతలకు దగ్గరగానే కనిపించాయి, ఎవరికీ అనుమానం రాలేదు.

పక్క గది లెక్చరరు మంచికే చెప్పాడు. "ఎవురు చూస్తారు మేడం? ప్రొఫెసరయినాక సరిచేసుకోండి."

"తప్పును మెట్టు చేసుకోని ఎక్కమంటావా అప్పా?"

ఆయన వెళ్లాక నావైపు తిరిగారు. "నీ డిగ్రీ గూడా వెనక్కి పోతాది. కోపమొస్తే తిట్టు. మూగదాని మాదిరి కూచోవద్దు."

"కోపం లేదు మేడం. అలసటగా ఉండాది, అంతే."

"నాకూ అంతేనమ్మా."

పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ఆ సాయంత్రమే దాన్ని అచ్చేసిన పత్రికకు రాశారు. ఆ ఏడు ఆమెకు ప్రమోషను రాలేదు. తర్వాతా రాలేదు. మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాం. సగంలో కరెంటు పోయేది, మళ్లీ మొదలు. చివరికి తెర మీద మా లెక్క గీత, భూమి వేగాన్ని నిజంగా కొలిచిన గీత మీద మునుపటికంటే చక్కగా కూర్చుంది. ఆమె తెర వైపు చాలాసేపు చూశారు. "పోనీలే. నీళ్లు పోవాల్సిన దిక్కుకు పోతాండాయి" అని, ముఖం కడుక్కోవడానికి లేచారు. నాకు డాక్టరేటు వచ్చింది. ఆమె ప్రొఫెసరు కాకుండానే రిటైరయ్యారు. నేనేదో అనబోతే, "ఆ మాట వదిలెయ్" అన్నారు.

జబ్బు ఇంకా ముదరక ముందు, ఒకసారి అడిగారు: "సముద్రాన్ని చూసినా గానీ, ఒక పోటు మొదులు నుంచి కడాకు కూచోని చూడలేదమ్మా. పోదామా?"

రైల్లో కోస్తాకు వెళ్లాం. పొద్దున్నే తీరం చేరేసరికి నీళ్లు దూరంగా వెనక్కి వెళ్లి ఉన్నాయి. తడి ఇసుక మీద దుప్పటి పరిచి కూర్చున్నాం. ప్రయాణపు బడలిక, సంచికి ఆనుకుని ఆమె నిద్రపోయారు. సముద్రం కొంచెం కొంచెంగా పైకి వస్తోంది. లేపాలా వద్దా అని ఆలోచిస్తుండగానే ఒక పలుచటి అల ఆమె పాదాలను తాకింది.

కళ్లు తెరవకుండానే అడిగారు. "వచ్చిందా?"

"వచ్చింది మేడం."

ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు. చీర అంచు నీళ్లలో తేలుతూ, ఇసుకకు అతుక్కుంటూ, మళ్లీ తేలుతూ ఉంది. ఆమె మళ్లీ నిద్రలోకి జారుకున్నారు.