బతికున్న మనిషి వీలునామా

నాన్న రిటైరయ్యాక కొన్ని నెలల్లోపు ఆర్కే పురంలోని ప్రభుత్వ క్వార్టరు ఖాళీ చేయాలి. చేతికొచ్చిన డబ్బంతా పెట్టినా ఢిల్లీలో ముగ్గురికి సరిపడే ఇల్లు రాదు. అందుకని ఆ డబ్బుతో ముందు చిన్న ఫ్లాటు కొని, అద్దెకుంటూ ఏడాది ఆగి, లాభానికి అమ్మి, అప్పుడు పెద్దది కొందామన్నాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఫ్లాట్ల గురించి నాకు తెలిసిందల్లా వాటి ధరలు పెరుగుతాయని. తొంభైల మొదట్లో ఢిల్లీలో అంతకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు నాకెవరూ తగల్లేదు.

వసంత్ కుంజ్‌లో ఒక బెడ్రూం ఫ్లాటు దొరికింది. యజమాని పటేల్ నగర్‌లో కొడుకు దగ్గరుండే డెబ్భై రెండేళ్ల పంజాబీ పెద్దాయన. అది ప్రభుత్వం కేటాయించిన ఫ్లాటు కాబట్టి నేరుగా అమ్మడానికి వీల్లేదు.

"ఫికర్ చేయకండి సర్ జీ," అన్నాడు ఫ్లాటు చూపించిన డీలరు. "అంకుల్ మీకు పవరాఫ్ అటార్నీ రాస్తారు. దాంతో మీరు ఎవరికైనా అమ్ముకోవచ్చు."

"ఈలోపు ఆయనకేమైనా అయితే?" అన్నాడు నాన్న.

"పవర్ కూడా ఆయనతోనే పోతుంది. అందుకే వీలునామా కూడా రాయిస్తాం. ఢిల్లీ అంతా ఇలాగే నడుస్తోంది."

కోర్టు బయట టైపిస్టు బల్ల దగ్గర, మమ్మల్ని అంతకుముందు రెండుసార్లే చూసిన ఆ పెద్దాయన, ప్రేమాభిమానాలతో తన ఫ్లాటును మా నాన్నకు రాసేశాడు. మా సొంత తాతయ్య మాకు గొడుగు కూడా రాయలేదు.

కొన్నాక అమ్మినవాడి మొహం చూసే అలవాటు ఢిల్లీలో ఎవరికీ లేదు. "డబ్బిచ్చి మొహం చాటేస్తే ఏం బావుంటుంది?" అంది అమ్మ. నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన కారణం వేరు. ప్రతి ఆదివారం బస్సెక్కి పటేల్ నగర్ వెళ్లేవాళ్లం. నాన్న ఆ పెద్దాయన పాదాల వాపు వైపు చూసేవాడు, ఆయాసం వినేవాడు. అమ్మ ఆవకాయ పట్టుకెళ్లేది.

"భాభీజీ, పరాఠాలోకి దీన్ని మించింది లేదు. ఇంకో సీసా దొరుకుతుందా?" అనేవాడు పెద్దాయన.

ఒక ఆదివారం ఆయన కోడలు గుమ్మం దాకా వచ్చి మెల్లగా చెప్పింది. "ఆంటీ, పాపాజీకి బీపీ. డాక్టరు ఉప్పు మానేయమన్నాడు."

బస్సులో నాన్న అమ్మవైపు తిరిగాడు. "ఇప్పటికి ఎన్ని సీసాలిచ్చావే?"

"మూడు."

"మూడా!"

"ఆయనే అడిగారండీ. నోరు తెరిచి అడిగితే ఎలా కాదంటాను?"

"ఫ్లాటు అమ్మేదాకా కాదనాలి!"

"వీలునామా మన చేతిలో ఉంది నాన్నా," అన్నాను. "అమ్మ పని తొందరగా అయ్యేలా చూస్తోంది."

ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

తొమ్మిదో నెలలో మంచి ధరకు కొనేవాడు దొరికాడు. సోమవారం కాగితాలు రాసుకోవాలి. శనివారం పొద్దున పెద్దాయన పోయాడు. కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. నాన్న రిసీవర్ పెట్టేసి కుర్చీలో కూర్చుండిపోయాడు. "అయ్యో పాపం," అంది అమ్మ. బాధ వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. రాలేదు. బాత్రూం కలుపుకుని ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులో మాత్రం గుర్తొచ్చింది.

వీలునామా ఒక్కటే చాలదు, వారసులంతా సంతకం పెడితేనే తీసుకుంటానన్నాడు కొనేవాడు. "ఇలాంటప్పుడు కొడుకులు మళ్లీ డబ్బడుగుతారు సర్ జీ. తయారుగా ఉండండి," అన్నాడు డీలరు. మా దగ్గర అడిగితే ఇవ్వడానికి ఇంకేమీ లేదు. నాన్న ముప్ఫై రెండేళ్ల ఉద్యోగమంతా ఆ ఫ్లాటులోనే ఉంది.

పదమూడో రోజున స్టాంపు పేపర్లు సంచిలో పెట్టుకుని పరామర్శకు వెళ్లాం. హాల్లో తెల్ల దుప్పట్లు పరిచి ఉన్నాయి.

"నువ్వడగరా," అని గొణిగాడు నాన్న.

"నాకు జోకులే వచ్చు నాన్నా."

కొడుకు టీ తెచ్చి మా ఎదురుగా కూర్చున్నాడు. "కాగితాలు తెచ్చారా అంకుల్?"

నాన్న మొహం ఎర్రబడింది. "ఇవాళ వద్దులే బేటా..."

"ఇవాళే కానివ్వండి. రేపు చెల్లెళ్లిద్దరూ వెళ్లిపోతారు. మీరొస్తే సంతకాలు పెట్టమని పాపాజీ ముందే చెప్పారు."

పైసా అడగలేదు. ముగ్గురూ దుప్పటి మీదే కూర్చుని ఒకరి తర్వాత ఒకరు సంతకాలు పెట్టారు. చిన్న చెల్లెలు పెన్ను తిరిగిస్తూ అమ్మను అడిగింది. "ప్రతి ఆదివారం వచ్చేది మీరేనా ఆంటీ? ఫోన్ చేసినప్పుడల్లా పాపా మీ గురించే చెప్పేవారు. ఆదివారాలు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ కుర్తా వేసుకుని కూర్చునేవారట."

అమ్మ తలూపింది. నాన్న కాగితాలు మడిచి, నలుగుతాయని మళ్లీ విప్పి, సంచిలో పెట్టాడు. తిరుగు బస్సులో ముగ్గురం మూడు వేర్వేరు సీట్లలో కూర్చున్నాం, పక్కపక్కన ఖాళీ ఉన్నా.

ఆ వారమే ఫ్లాటు అమ్ముడైంది. లాభం అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చింది. డీలరు లడ్డూలు తెచ్చాడు. నాన్న ఒకటి తీసుకుని పక్కన పెట్టాడు. నేను రెండు తిన్నాను. బాగానే ఉన్నాయి.