వెనక స్పీకరు

నిన్న మా ఇంట్లో లాప్‌టాప్ మూగబోయింది. మా ఆవిడ సెట్టింగులన్నీ తిరగేస్తుంటే నేను టార్చి తెచ్చి ఇయర్‌ఫోను పెట్టే రంధ్రంలోకి చూశాను. "అక్కడేముందండీ?" అంది. అక్కడ ఏమీ లేదు. కానీ ఒకప్పుడు మా బాబాయి ఇంట్లో ఉండింది. అప్పటినించీ నాకు ఆ రంధ్రం మీదే అనుమానం.

అనుమానంలో మా బాబాయి ముందు నేనెంత! సముద్రానికి కూతవేటు దూరంలో ఇల్లు, ఆ పక్కనే రొయ్యల గుంటలు. తాళం వేసి లాగి చూసి, నాలుగడుగులు పోయి, మళ్ళీ వచ్చి లాగే మనిషి. పిన్ని ఫోన్లో ఎవరితో మాట్లాడిందో సాయంత్రం తీసి చూసేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క విలాసం కంప్యూటరుకు తగిలించిన ఐదు స్పీకర్లు, వాటికో పెద్ద డబ్బా. ముందు మూడు, వీపు వెనక వీధి గుమ్మానికి అటొకటి ఇటొకటి. మధ్యలో వాలుకుర్చీ వేసుకుని నాటకం పద్యాలు పెట్టుకుంటే పందిట్లో కూర్చున్నట్టే ఉంటుందనేవాడు. అవి ఒకరోజు పలకడం మానేశాయి. నాకు కబురొచ్చింది.

నేను వెళ్ళేసరికే దొంగెవరో తేల్చేశాడు. "పక్కింటోడే రా. సౌండెక్కువైందని మొన్న గొణిగినాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి ఏందో చేసుంటాడు." పక్కింటాయన కాకపోతే కరెంటాయన, ఆయనా కాకపోతే ఉప్పుగాలి. ఉప్పుగాలి మీద నాకూ కొంచెం అనుమానమే. ఆ ఊళ్ళో కిటికీ ఊచలు కూడా పొరలు పొరలుగా రాలతాయి. వైర్ల కొసలన్నీ తుడిచాను. లాభం లేదు. ఒక కొస ఊడదీసి వేలితో తాకితే స్పీకర్లు బుర్రుమన్నాయి. అంటే అవి బాగానే ఉన్నాయి, కంప్యూటరే వాటికి శబ్దం పంపడం లేదు. తెరమీద చూస్తే ఇయర్‌ఫోను పెట్టి ఉందని చూపిస్తోంది. "ఇయర్‌ఫోనా? మనింట్లో అది యాడుండాది? చూసినావా, ఎవుడో దూరినాడు!" అన్నాడు బాబాయి. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

టార్చి వేస్తే కంప్యూటరు ముందువైపు ఇయర్‌ఫోను రంధ్రంలో విరిగిన మొన తళుక్కుమంది. పుల్లకు జిగురు పూసి, ఊపిరి బిగబట్టి బయటికి లాగాను. తలెత్తితే వంటింటి గుమ్మంలో పిన్ని, ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయ్యో, అప్పుడర్థమైంది నాకు. తడ అనే ఊళ్ళో ఉండే పిన్ని వాళ్ళక్క, తన కూతురి పెళ్ళికి వీళ్ళని ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలవలేదు, ఫోన్లో పిలిచింది. ఆ కోపంతో బాబాయి ఏళ్ళ కిందటే ఆ ఇంటితో మాటలు తెంచుకున్నాడు, పిన్ని చేతా తెంపించాడు. తెగలేదన్నమాట! మొన మెల్లిగా జేబులో వేసుకోబోయాను. బాబాయి అరచెయ్యి చాచాడు.

"ఎవురిది?"

"నాదే" అంది పిన్ని. "మీరు గుంటలకాడికి పొయినప్పుడు కంప్యూటర్లో మా అక్కతో మాట్లాడతా ఉండా. మొన్న మీ బండి చప్పుడైతే గబుక్కున లాగినా, ఇరిగిపోయింది. అక్కకి బాగలేదు."

"బాగలేదా? నాకెందుకు చెప్పలా?"

"ఫోన్లో పిలిస్తే పిలుపే కాదన్నారు. ఫోన్లో తెలిసిన జబ్బు మీకు జబ్బుగా కనిపిస్తదా?"

బాబాయి ఆ మొనను అటూ ఇటూ తిప్పాడు. అంతమందిని అనుమానించాడు గానీ, పిన్ని ఫోను చూస్తే చాలనుకున్నాడు; కంచంలో అన్నం పెట్టే మనిషి కంప్యూటరు ముట్టుకుంటుందని ఆయనకు తోచలేదు. నాకైతే పిన్నిని చూస్తే ఏడుపొచ్చింది. చివరికి నావైపు తిరగకుండానే "కలపరా" అన్నాడు.

పిన్ని వాళ్ళక్కకు వీడియో కాల్ కలిపాను. తెరమీద బొమ్మ ఇంకా రాలేదు, గొంతు ముందొచ్చింది. "ఏం మరిదీ, బాగుండావా?" ఐదు స్పీకర్లూ పలికాయి గానీ బాబాయికి వెనకవే ముందు వినపడ్డట్టున్నాయి. దిగ్గున కుర్చీలోంచి లేచి, వీధి గుమ్మం వైపు తిరిగి, "రా వదినా, లోపలికి రా" అన్నాడు.

గుమ్మంలో ఎవరూ లేరు. మర్నాడే ఇద్దరూ తడకు బయల్దేరారు. ఆ వదినగారు పోయి ఇప్పటికి చాలా కాలమైంది, స్పీకర్లూ ఉప్పుగాలికి తుప్పుపట్టాయి. అలిగి పోగొట్టుకున్న ఏళ్ళు మాత్రం, ఎంత పిలిచినా, ఆ గుమ్మంలోంచి ఒక్కటీ వెనక్కి రాలేదు.