చిల్లుల మాస్టారు

చిల్లుల మాస్టారు ఒక మనిషి మొహం చూసి మాట్లాడగా చూసినవాళ్ళు లేరు. ఆయన చూసేది చిల్లులను. పిస్టలు కాల్చడం నేర్పే హాల్లో ఓ మూల ఆయనకు చిన్న గది, ఆ గదికి ఒక కిటికీ ఉన్నాయి. అవతల జనం కాలుస్తున్నంతసేపూ ఆయన వాళ్ళకు వీపు పెట్టి కూర్చుని టీ తాగుతారు. కాల్చడం అయ్యాక ఆ చిల్లులు పడ్డ కాగితం తెచ్చి చేతిలో పెట్టాలి. దాన్ని కిటికీకేసి ఎత్తి, ఒక కన్ను మూసి, చిల్లుల్లోంచి వచ్చే వెలుగు చూసి రోగం చెప్పేస్తారు. "నీ వేలు ట్రిగ్గరు మీద మరీ లోపలికి దూరింది." "నువ్వు పిడి పట్టుకోవట్లేదు, దాని పీక నులుముతున్నావు." "నువ్వు పొద్దున ఇంట్లో పోట్లాడి వచ్చావు." ఈ మూడోది కూడా నిజమయ్యేది కాబట్టి జనానికి ఆయనంటే భక్తీ భయమూ సమంగా ఉండేవి.

కాగితాలతో ఆగితే ఎవరికీ పేచీ లేదు. చిల్లు ఎక్కడ కనబడితే అక్కడ ఆయనకు ఒళ్ళు తెలియదు. బిస్కెట్టు ఇస్తే తినే ముందు దాని చిల్లులు పరీక్షించి, "ఈ యంత్రానికి చెయ్యి నిదానం" అని మెచ్చుకుని గాని నోట్లో వేసుకోరు. ఓసారి పక్కింటాయన కొత్త ఇల్లు చూపించడానికి తీసుకెళితే, గోడకున్న మేకు దగ్గర ఆగిపోయారు.

"ఇది కొట్టినవాడు సుత్తి పడకముందే కళ్ళు మూసుకున్నాడండీ."

"కొట్టింది నేనేనండీ" అన్నాడు పక్కింటాయన, మొహం మాడ్చుకుని.

"అదే చెబుతున్నాను. మూసుకోకండి" అని మాస్టారు మిగతా ఇల్లు చూడకుండానే వచ్చేశారు.

మాస్టారి భార్య ఈ సంగతి తలుచుకుని నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక, రెంటికీ మధ్య ఒక గొంతు పెట్టి చెప్పేది. "ఇన్నేళ్ళ కాపురంలో నా మొహం ఎలా ఉంటుందో ఈయనకి తెలుసని నేను అనుకోను. చెవి కమ్మ చిల్లు మాత్రం తెలుసు. అది కాస్త ఎడమ కిందికి పడిందిట. కుట్టినవాడి చెయ్యి అదిరిందిట!"

ఇలాంటి మహానుభావుడి దగ్గరకు గార్డమ్మ వచ్చి పడింది. ఆమె డబ్బు పెట్టెలు మోసే బ్యాంకు వ్యానులో కాపలా ఉద్యోగి. వాళ్ళకు ఏటా కాల్పుల పరీక్ష ఉంటుంది. ఈ ఏడు ఆమె ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పితే యూనిఫాం విప్పి ఇచ్చేసి ఇంటికి వెళ్ళడమే. ఆ యూనిఫాం ఒంటి మీదికి వచ్చాకే వీధిలో జనం ఆమెను 'దర్జీ పెళ్ళాం' అనడం మానేసి 'గార్డమ్మ' అనడం మొదలుపెట్టారు. దర్జీ అంటే ఆమెకు ప్రాణమే. కానీ ఆ పాత పిలుపు మళ్ళీ వినాలంటే మాత్రం ఆమె గుండె రాయి చేసుకోవాల్సిందే.

ఆమెకు సలహాలు ఇవ్వని పాపాత్ముడు లేడు. వ్యాను డ్రైవరు బూట్లు మార్చమన్నాడు. తోటి గార్డు కళ్ళజోడు పెట్టుకోమన్నాడు. అంతకుముందు నేర్పినాయన చెవి దగ్గర నిలబడి "గురి! గురి!" అని అరిచాడు. ఎవరు ఏం చేసినా గుండ్లన్నీ కూడబలుక్కున్నట్టు ఎడమ వైపు కిందికే పోయేవి.

మాస్టారు ఆమె కాగితం కిటికీకి ఎత్తి నాలుక చప్పరించారు. "పాపం, కాగితం మీదున్న ఈ బొమ్మవాడి ఎడమవైపు తొడ మీద నీకేమమ్మా అంత కోపం?"

"నేను గుండెకే గురి పెట్టానండీ."

"గురి బాగానే పెట్టావు. కుడిచేతివాటం కదూ? ఢామ్మంటుందని ముందే తెలిసిపోయి, అది అనేలోపు నీ చెయ్యి దాన్ని కిందికి కుక్కేస్తోంది. నువ్వు బెలూను ఊదుతున్నా కళ్ళు మూసుకునే రకం."

గార్డమ్మ నోరు తెరిచింది. బెలూను సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. "మీకెలా తెలిసిందండీ?"

"కాగితం చెబుతోంది" అన్నారు మాస్టారు, కాగితంతోనే.

ఆమె నమ్మలేదు. అప్పుడాయన ఆమె పిస్టలు తీసుకుని, ఆమెకు కనబడకుండా గుండ్లు తనే నింపి ఇచ్చారు. అసలు గుండ్ల మధ్య ఎక్కడో ఒక పేలని ఉత్తుత్తి గుండు ఉంది. ఆమె కాల్చింది. ఢాం. మళ్ళీ ఢాం. మూడోసారి టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది, అంతే. పేలనిది పేలినట్టే పిస్టలు మూతి మాత్రం నేలకు దణ్ణం పెట్టినట్టు వంగింది. గార్డమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అదృష్టం కొద్దీ మాస్టారు అటు తిరిగి టీ తాగుతున్నారు.

"వంగిందా?" అన్నారు గోడతో.

"వంగిందండీ."

"మంచిది. రోగం కళ్ళారా చూశావు, సగం తగ్గింది. ఇక ట్రిగ్గరును లాగకు. నీ కన్ను గొట్టం కొసన గురి చూసుకునే సైటు మీదే ఉండాలి, వేలు మెల్లగా నొక్కుతూ పోవాలి. అదెప్పుడు పేలిందో నీక్కూడా తెలియకూడదు. ఇంట్లో ట్రిగ్గరున్న వస్తువేదైనా ఉందా?"

బాగా ఆలోచిస్తే ఒకటి తేలింది. దర్జీ ఇస్త్రీకి ముందు బట్టల మీద నీళ్ళు చల్లే స్ప్రే సీసా. మాస్టారు మందు రాసిచ్చే డాక్టరులా తల ఊపారు. "సీసా తల మీద ఒక బొత్తాం పెట్టు. అది పడకుండా నొక్కాలి. పొద్దునా సాయంత్రం."

ఆ రోజు నుంచి దర్జీ ఇంట్లో పొడిబట్టన్నది కరువైంది. గార్డమ్మ రెండు చేతులతో సీసా పట్టుకుని, కాళ్ళు ఎడం చేసి, ఊపిరి సగంలో ఆపి, వరండాలో కుండీలో ఉన్న మొక్క మీద గురి పెట్టేది. బొత్తాం పడేది. దర్జీ ఏరేవాడు. మళ్ళీ పెట్టేది, మళ్ళీ పడేది. ఇంట్లోవాళ్ళు ఆ వరండా దాటాలంటే ముందు "నేనొస్తున్నాను!" అని కేక వెయ్యాల్సి వచ్చేది.

"ఏమే, నీ ఉద్యోగం నిలబడేలోగా నా మొక్క కుళ్ళి చచ్చేట్టుంది" అంది అత్తగారు, మొహం తుడుచుకుంటూ. కేక వెయ్యడం మరిచిపోయింది ఆవిడ.

"ఇంకొంచెం ఓపిక పట్టండి అత్తయ్యా. ఇవాళ బొత్తాం ఒక్కసారే పడింది."

"పడితే పడనీ. మొక్క పోతే ఇంకోటి నాటుకుంటాను. మళ్ళీ నిన్ను దర్జీ పెళ్ళామని పిలిస్తే నేను ఊరుకోను. దర్జీ తల్లి అని నన్ను పిలిచి నా పేరే మరిపించారు ఈ వీధివాళ్ళు" అని ఆవిడ కుర్చీ ఇంకాస్త దూరం జరుపుకుంది.

కాగితం మీద చిల్లులు మెల్లగా మధ్యకు పాకడం మొదలుపెట్టాయి. ఒకరోజు మాత్రం మంచి చిల్లుల గుంపు పక్కనే మూడు పాత జబ్బు చిల్లులు ఎడమ కింద దర్శనమిచ్చాయి. మాస్టారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు.

"ఈ మూడు కాల్చేటప్పుడు నీ వెనక ఎవరున్నారు?"

గార్డమ్మ తడబడింది. "మా సూపర్వైజరు గారు వచ్చి కాసేపు నిలబడ్డారండీ."

"అదీ సంగతి. నువ్వు తుపాకికి బెదరడం మానేశావు. ఇప్పుడు కళ్ళకు బెదురుతున్నావు."

"పరీక్ష పెట్టే సారు కూడా నా భుజం వెనకే నిలబడతారు కదండీ?"

"నిలబడతాడు. అది అతని ఉద్యోగం."

"మరి నాకేది దారి?"

"ఆ బిస్కెట్ల డబ్బా ఇలా అందించు" అన్నారు మాస్టారు. గార్డమ్మకు ఒళ్ళు మండింది. తన బతుకు తెల్లారిపోతుంటే ఈ మనిషికి బిస్కెట్లు కావలసి వచ్చాయి!

పరీక్ష రోజు వచ్చింది. ఆ హాల్లోనే రెండు విడతలు, విడతకో కాగితం. పరీక్ష పెట్టే అధికారి పొడుగాటి మనిషి. మీసం ఉంది, నవ్వు లేదు. అందరి చెవులకూ పెద్ద మూతలు తగిలించాక ఆయన వచ్చి సరిగ్గా గార్డమ్మ కుడిభుజం వెనక నిలబడ్డాడు. ఆయన చూపు ఆమె మెడ మీద చీమ పాకినట్టు పాకింది. మొదటి విడత ముగిసేసరికి సగం గుండ్లు బొమ్మ తొడలోనే దిగాయి. కాగితం చూసి అధికారి "ఊఁ" అన్నాడు. రెండో విడతలో గుండ్లు దాదాపు అన్నీ మధ్యలో పడితే తప్ప ఆమె గట్టెక్కదు. గార్డమ్మకు వీధిలో పిలుపులు అప్పుడే వినబడసాగాయి.

వెనక గోడ దగ్గర వీపు తిప్పి నిలబడ్డ చిల్లుల మాస్టారు అప్పుడు తిరిగారు. నేరుగా అధికారి దగ్గరకు వచ్చి, ఆయన స్వెట్టరు భుజాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

"అయ్యా, ఈ చిల్లు ఎలా పడింది?"

"ఏమిటీ? ఇదా? చిమ్మట కొట్టింది."

"చిమ్మటా!" మాస్టారు గావుకేక పెట్టారు. చెవులకు మూతలున్నవాళ్ళు మెల్లగా మాట్లాడలేరు. "ఎవరు చెప్పారండీ మీకు?"

"మా ఆవిడ చెప్పింది. పరీక్ష జరుగుతోంది, మీరు తప్పుకోండి."

"చిమ్మట కొడితే అంచు పీచుపీచుగా ఉండాలి. ఇది ముడుచుకుపోయింది. ఇది నిప్పురవ్వ. సిగరెట్టు!"

అధికారి మొహం తెల్లబోయింది. "అరవకండి! నేను మానేసి ఏడాదైంది."

"స్వెట్టరు మాత్రం మొన్న కొన్నది."

"ఇలా రండి, ఇలా వెలుతుర్లోకి రండి" అని అధికారి తనే మాస్టారి చెయ్యి పట్టుకుని కిటికీ వైపు లాక్కెళ్ళాడు. పోతూ పోతూ గార్డమ్మ వైపు చెయ్యి విసిరాడు. "నువ్వు కానివ్వమ్మా, కాగితం తర్వాత చూస్తాను! ఇక్కడ జవాను ఉన్నాడుగా."

జవాను తలుపు దగ్గర నిలబడి తన గోళ్ళు చూసుకుంటున్నాడు. గార్డమ్మ పిస్టలు ఎత్తింది. ఎత్తుతూ ఒక్కసారి కిటికీ వైపు చూసింది. అధికారి భుజం మీదుగా మాస్టారు నేరుగా ఆమె కళ్ళలోకి చూశారు. గడ్డం కొంచెం ఎత్తి, 'కానివ్వు' అన్నట్టు సైగ చేశారు. ఆమె అదిరిపడింది, పిస్టలు పేలింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ స్వెట్టరులోకి తల దూర్చేశారు. ఇక లోకంలో తనను చూసేవాడంటూ ఎవడూ లేడు. సైటు ఉంది, వేలు ఉంది. నొక్కుతూ పోయింది. ఎప్పుడు పేలిందో ఆమెకు తెలియలేదు, ప్రతిసారీ.

"మా ఆవిడ కూడా కనిపెట్టి ఉంటుందంటారా?" అని కిటికీ దగ్గర నుంచి దీనమైన కేక వినబడుతోంది.

"చిమ్మట అని ఆవిడ ఎందుకన్నారో ఆలోచించండి!"

గార్డమ్మ గట్టెక్కింది. బొటాబొటీగానే, కానీ గట్టెక్కింది. అధికారి కాగితాల మీద గబగబా సంతకాలు పెట్టి, స్వెట్టరు విప్పి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె రెండో విడత కాగితం తీసుకుని చిన్న గదిలోకి పరుగెత్తింది. మాస్టారు వీపు తిప్పి కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, అది నిజంగా సిగరెట్టు చిల్లేనా?"

"నాకేం తెలుసు? చిమ్మటల గురించి నాకు బొత్తిగా తెలియదు."

"మరి అంత ధీమాగా అన్నారు?"

"చిమ్మట అనేటప్పుడు అతని మొహం చూడాల్సింది. ఎంత గొప్ప అబద్ధం!"

గార్డమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "మీరు మొహాలు చూడరు కదండీ!"

మాస్టారు టీ కప్పు కింద పెట్టి, కుర్చీ తిప్పి ఆమెకు ఎదురుగా కూర్చున్నారు. ఆయన కళ్ళు చాలా మంచివని ఆమె అప్పుడే గమనించింది.

"నువ్వు లోపలికి అడుగు పెట్టిన మొదటి రోజే చూశాను. భయం మొహమంతా ఉంది. దానికి కాగితమెందుకు? ఇక్కడికొచ్చే ప్రతివాడూ ఎవడో ఒకడి చూపు దెబ్బ తిని వస్తాడమ్మా. నేనూ చూస్తే ఇక నేర్చుకునేదెప్పుడు? ఈ మాట బయట పొక్కనివ్వకు, నా పరువు పోతుంది."

ఆయన కాగితం తీసుకుని, అలవాటు కొద్దీ కిటికీకి ఎత్తి ఒక కన్ను మూశారు. మధ్యలో చిల్లులు ఒకదాన్నొకటి రాసుకుంటూ గుంపుగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎడమ పక్క కింద ఒంటరిగా పడి ఉంది.

"ఇదెక్కడిదమ్మా?"

"మీరు నన్ను చూశారు కదండీ, అప్పటిది."

మాస్టారు పకపకా నవ్వి, ఆ చిల్లును బొటనవేలితో మూసేశారు. "అయితే ఇది నాది. నీ లెక్కలో వేసుకోకు" అన్నారు, ఆమె మొహం చూసి.